పాతాళ పోలీసుకి ప్లాస్టిక్ పెట్టె

మా ఇంట్లో కూలర్ ఉంది. ఆర్.కె. పురంలో మా వరసలో ప్రతి కిటికీకీ ఉన్నట్టే మా ముందుగది కిటికీకీ ఇనుప స్టాండు మీద, గడ్డి తడికెలతో ఒకటి కూర్చుని ఉంది. వాళ్ళవి తిరుగుతాయి, మాది తిరగదు. ఢిల్లీ ఎండలు తెలియనివాళ్ళకి ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. అలాంటివాళ్ళు మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి మా ఇంట్లో కూర్చోవాలి. మంచినీళ్ళు ఇస్తాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

దీనికంతటికీ కారణం మా ఆయన శేషగిరి. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఆయన ఆఫీసువాళ్ళంతా అదృష్టవంతురాలివమ్మా అంటారు నన్ను. వాళ్ళకి తెలియనిదేమిటంటే, ఈ మనిషికి కామిక్స్ పిచ్చి. చిన్నప్పుడు తెనాలిలో కొనుక్కున్న బొమ్మల కథల పుస్తకాలు, పెద్దయ్యాక దరియాగంజ్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం ఆదివారం ఏరుకొచ్చినవి, అన్నీ మా ముందుగదిలో ఇనుప బీరువాల్లో, ట్రంకుల్లో కొలువై ఉన్నాయి. కాగితానికి తేమ పడదు. కూలర్ గాలి అంటేనే తడిగాలి. తడిగాలికి కాగితం అలలు తేలుతుందిట, ఒకసారి తేలితే మళ్ళీ సాపు కాదుట. పోనీ పుస్తకాలు వెనకగదిలో పెట్టుకోమంటే, ఆ గోడకి చెమ్మ. కిటికీలైనా తీద్దామంటే ఆంధీ, అదే ఇక్కడి గాలిదుమారం, వచ్చి దుమ్ము కొడుతుంది. ఉన్న రెండు గదుల్లో తలుపులు మూసుకుని, ఫ్యాను కింద వేడిగాలి పీల్చుకుంటూ బతకడం నాకు పెళ్ళితో పాటు వచ్చింది.

గొడవ పడలేదా అంటే, పడ్డాను. ఒకసారి పంతానికి స్విచ్ వేసేశాను కూడా. శేషగిరి లేచి, బీరువాల మీద దుప్పట్లు కప్పి, జ్వరం వచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు వాటి పక్కన కూర్చున్నాడు. అరిచే మొగుడైతే ఎదురు అరవొచ్చు. ఈయన అరవడు. చివరికి కరెంటు పోయి ఇద్దర్నీ కాపాడింది. మర్నాడు కాఫీ అందుకుంటూ, "ఇందూ, వద్దు. నిన్ను బతిమాలుకుంటాను" అన్నాడు. బతిమాలితే ఏం చేస్తాం.

మా అమ్మాయి ప్రణతి తొమ్మిదో తరగతి. సెలవుల్లో హోంవర్క్ మెట్ల మీద కూర్చుని చేసుకునేది, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని. మెట్లు ఇంటికంటే చల్లగా ఉంటాయి కదా. వచ్చేపోయేవాళ్ళంతా ఏం బేటా, ఇంట్లో చోటు లేదా అని అడిగితే నాకు తల కొట్టేసినట్టుండేది. నాకు కావలసింది ఒక్కటే. నా కూతురు ఇంట్లో కూర్చుని చదువుకోవాలి, కూలర్ తిరగాలి. నగలూ చీరలూ అడిగిన పాపాన పోలేదు.

అయితే ఒకటి చెప్పాలి. సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చాక శేషగిరి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరాయో లేదో చూసుకుని, ఒక పుస్తకం తీసి ప్రణతికి చదివి వినిపించేవాడు. దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు, జవాబు హిందీలో చెబుతుంది. ఎక్కువగా 'పాతాళ పోలీస్' చదివేవాడు. భూమి అడుగున దొంగల రాజ్యం, అక్కడికి బదిలీ అయిన ఒక హెడ్ కానిస్టేబులు, వాడి కష్టాలు. ఆఫీసులో గొంతు పెగలని మనిషి ఆ దొంగల రాజు నవ్వు నవ్వితే పై వాటాలోవాళ్ళు తొంగి చూసేవారు. ప్రణతి పొట్ట పట్టుకునేది. నేను వంటింట్లో ఉండి వినేదాన్ని, పైకి చెప్పేదాన్ని కాదు. మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వేది ఆ కాసేపే.

ఆదివారాలు మరో ఇద్దరు పిచ్చివాళ్ళు వచ్చేవారు. ఒకరు సదాశివరావు బాబాయిగారు. రైల్వే ఆఫీసులో రిటైరై మునిర్కా ఫ్లాట్స్‌లో ఉంటారు. రెండోవాడు సుధీంద్ర, హైదరాబాదు నుంచి గుర్‌గావ్ వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు, పెళ్ళి కాలేదు, అవదని నా అనుమానం. ముగ్గురూ వరసగా చేతులు కడుక్కుని ముందుగదిలో కూర్చునేవారు. ఆ గదిలోకి కాఫీ రాకూడదు. తాగాలంటే వంటింట్లో నా పక్కన నిలబడి తాగి, మళ్ళీ చేతులు కడుక్కుని వెళ్ళాలి. పెళ్ళివారికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యలేదు నేను.

ఆ వేసవిలో సుధీంద్ర ఒక కొత్త వార్త మోసుకొచ్చాడు. నోయిడాలో ఒక కంపెనీ తెరిచారట. కామిక్స్ ఇస్తే నిపుణులు పరీక్ష చేసి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి నాలుగు వైపులా అతికించేసి ఇస్తారు. పైన మార్కుల చీటీ ఉంటుంది. ఇకనుంచి అసలు సిసలు కలెక్టరు అంటే చీటీ ఉన్నవాడే అన్నాడు. సదాశివరావుగారు మూతి ముడిచారు. మా ఆయన ఎప్పటిలాగే గంగిరెద్దులా తలూపాడు, ఇటు ఒకసారి, అటు ఒకసారి.

వంటింట్లో ఉప్మా కలుపుతున్న నా చెవిన ఒక్క మాట పడింది. ఆ పెట్టెని నీళ్ళలో ముంచినా లోపలికి తేమ పోదు అన్నాడు సుధీంద్ర. అట్లకాడ అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చాను. నాకు కామిక్స్ మీద అంత శ్రద్ధ పుట్టడం చూసి ముగ్గురూ హడలిపోయారు.

తరవాతి ఆదివారం ఆ కంపెనీ మనిషి స్వయంగా వచ్చాడు. పేరు రఘునందన్. వరంగల్ కుర్రాడు, మెడలో టై, ఆ ఎండలో. టై చూసి జాలేసి నిమ్మరసం ఇచ్చాను. నమూనాకి ఒక పెట్టె తెచ్చాడు. లోపల ఏదో పాత హిందీ కామిక్ ఉంది, గాజు వెనకాల దేవుడి పటంలా. నిజంగా నీళ్ళు పోవా అని అడిగాను. కావాలంటే చూడండి మేడమ్, బకెట్ ఉందా అన్నాడు. బాత్రూములోంచి నిండు బకెట్ నేనే మోసుకొచ్చి ముందుగది మధ్యలో పెట్టాను. ఆ గదిలోకి అన్ని నీళ్ళు రావడం అదే మొదలు. శేషగిరి కళ్ళు మూసుకున్నాడు. రఘునందన్ పెట్టెని నీళ్ళలో ముంచి, బుడగ రాలేదని అందరికీ చూపించి, పైకి తీసి తుడిచాడు. లోపల కాగితం పొడిగా ఉంది. నాకు ఆ కుర్రాడికి హారతి ఇవ్వాలనిపించింది.

"మరి లోపలిది చదువుకోవడం ఎలా నాన్నా?" అని సదాశివరావుగారు అడిగారు.

"చదువుకోనీకి కాదు సార్, ఉంచుకోనీకి" అన్నాడు రఘునందన్. పెట్టె ఒకసారి తెరిస్తే మార్కులు రద్దయిపోతాయని, మళ్ళీ కొత్తగా పరీక్షకి పంపుకోవలసిందేనని మర్యాదగానే చెప్పాడు. దాచింది లేదు. వినవలసినవాళ్ళం వినలేదు, ముఖ్యంగా నేను.

అతను వెళ్ళాక ముగ్గురి మధ్యా వాదన సాగింది. పంపితే ముగ్గురూ పంపాలి, మానితే ముగ్గురూ మానాలి అన్నది వాళ్ళ ఒప్పందం. ఒకరి పుస్తకానికి చీటీ ఉండి ఇంకొకరి దానికి లేకపోతే, లేనిదానిలో లోపం ఉందనే కదా లోకం అనుకుంటుంది. సుధీంద్ర పంపుదామన్నాడు. సదాశివరావుగారు పుస్తకం అంటే తెరిచేదిరా అన్నారు. ఇక మిగిలింది మా ఆయన. ఆయన చెమటలు తుడుచుకుంటూ, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, నా వైపు తిరిగి, "నువ్వేమంటావు ఇందూ?" అన్నాడు.

"పంపండి. మీ తరవాత కూడా క్షేమంగా ఉంటాయి" అన్నాను.

అబద్ధం కాదు. కానీ నా మనసులో ఉన్నది పుస్తకాల క్షేమం కాదు, కిటికీలో ఉన్న ఆ ఇనుప డబ్బా. సదాశివరావుగారు నన్నొకసారి చూసి, తలదించుకుని, సరే అమ్మాయ్, నువ్వు కూడా అలా అంటే ఇంకేముంది అన్నారు. పెద్దాయన నా మాట మీద గౌరవంతో ఒప్పుకున్నారు. అప్పుడే కాస్త గుచ్చుకుంది. అయినా ఊరుకున్నాను.

ముగ్గురి పుస్తకాలన్నీ సూట్‌కేసుల్లో సర్దుకుని సుధీంద్ర కారులో నోయిడా వెళ్ళిపోయాయి. కారు మలుపు తిరిగిందో లేదో నేను తడికెలు దులిపి, తొట్టెలో నీళ్ళు నింపి, స్విచ్ వేశాను. ముందు ఒక పెద్ద మూలుగు, తుప్పు వాసన, దుమ్ము. ఆ తరవాత తడిసిన గడ్డి వాసనతో గాలి వచ్చింది. కూలర్ ఎదురుగా జుట్టు విరబోసుకుని నేల మీద కూర్చుండిపోయాను. ప్రణతి మెట్ల మీంచి పుస్తకాలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది. "మమ్మీ, యే తో జన్నత్ హై" అంది, ఇది స్వర్గమేనని. నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను. ఇంత చిన్న సుఖానికి ఇన్నేళ్ళు పట్టిందా అనిపించింది.

జూన్ చివర్లో పెట్టెలు వచ్చాయి. ముగ్గురూ మా ఇంట్లోనే విప్పారు. మా ఆయన పుస్తకాలు అన్నిటికీ మంచి మార్కులే. 'పాతాళ పోలీస్' మొదటి సంచికకైతే పదికి తొమ్మిది దాటాయి. ఇన్నేళ్ళు మేము ఉడికిపోయిన ఉడుకంతా ఆ మార్కుల్లో ఉంది మరి. సుధీంద్రవి మధ్యరకం.

సదాశివరావుగారివి మాత్రం ఘోరం. ఆయనది కాకినాడ. కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా నాలుగు మూలలా పసుపు పెట్టడం ఆ ఇంటి అలవాటు. ఆయన చిన్నప్పటి నుంచీ కొత్త కామిక్ కొన్నప్పుడల్లా అట్ట మీద నాలుగు మూలలా పసుపు పెట్టుకున్నారు. పురుగు పట్టకుండా మధ్యలో వేపాకులు పెట్టుకున్నారు. కంపెనీవాళ్ళు ప్రతి చీటీ మీదా ఇంగ్లీషులో అదే రాశారు, నాలుగు మూలలా పసుపుపచ్చ మరకలు, లోపలి పేజీల్లో ఆకు ఆకారంలో మచ్చలు అని. ఆయన మొదట పకపకా నవ్వారు. పసుపుని మరక అంటారట్రా అన్నారు. కాసేపటికి నవ్వు ఆపి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను కాఫీ తీసుకురమ్మంటారా బాబాయిగారూ అంటే వద్దమ్మా అన్నారు. ఆ రోజు కాఫీ ముందుగదిలోకి వచ్చినా ఎవరూ ఏమీ అనకపోదురు. పుస్తకాలన్నీ పెట్టెల్లో ఉన్నాయి కదా.

ఆ పెట్టెలు పుస్తకానికి నాలుగింతల లావు. బీరువాలు నిండి, వెనకగదిలోకి పొర్లి, మంచం కిందికి పాకాయి. అది నేను పట్టించుకోలేదు. కూలర్ తిరుగుతోంది.

పట్టించుకోక తప్పనిది వేరే ఉంది. శేషగిరి సాయంత్రం రాగానే అలవాటుగా చేతులు కడుక్కునేవాడు. కడుక్కుని, తుడుచుకుని, బీరువా తెరిచి నిలబడేవాడు. ఒక పెట్టె తీసి ముందు అట్ట చూసేవాడు, తిప్పి వెనక అట్ట చూసేవాడు, లోపల పెట్టేసేవాడు. ఇంకేం చేస్తాడు. ఒకరోజు ప్రణతి, "పాపా, వో పాతాళ్ వాలా సునాఓ న" అని ఆ పాతాళం కథ చెప్పమంది. జ్ఞాపకం మీద చెప్పడం మొదలుపెట్టాడు. హెడ్ కానిస్టేబులు సొరంగంలోకి దిగేదాకా బాగానే సాగింది. అక్కడ దొంగల రాజు ఏమంటాడో గుర్తు రాలేదు. బొమ్మ కనిపిస్తే వచ్చేది. లేచి వెళ్ళి పెట్టె పట్టుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు, సందులోంచి ఏమైనా కనిపిస్తుందేమోనని.

"లోపల ఉంది" అన్నాడు కూతురితో. కూతురు టీవీ పెట్టుకుంది.

ఆ తరవాత అది అడగడం మానేసింది, ఆయన చెప్పడం మానేశాడు. ఇల్లు చల్లగా ఉంది, చప్పుడు లేదు. కూలర్ రొద తప్ప మాట వినిపించేది కాదు. నేను కోరుకున్న చల్లదనంలో కూర్చుని, ఆ మనిషి ముఖం చూడలేక వంటింట్లోకి పోయి ఉడుకులో నిలబడేదాన్ని. నా గెలుపు నన్నే వెక్కిరించింది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. ఒక్కటి కోసెయ్యండి, మీ పుస్తకం మీరు కోసుకుంటే అడిగేదెవరు అన్నాను.

"తొమ్మిది దాటింది ఇందూ" అన్నాడు. "నా బతుకులో దేనికీ అన్ని రాలేదు."

తక్కువ వచ్చి ఉంటే ఆ రోజే కోసేవాడు. ఎక్కువ వచ్చి ఇరుక్కున్నాడు. సుధీంద్రతో మాట్లాడి చూశాను. వదినా, తొమ్మిది దాటినదాన్ని తెరవడం పాపం అన్నాడు. వాడూ ఆదివారాలు రావడం తగ్గించేశాడు. వచ్చి ఏం చూడాలి, తన ఇంట్లోనూ ఇవే పెట్టెలు.

జులైలో వానలు ఇంకా పడలేదు, ఉక్క మాత్రం వచ్చేసింది. ఒక ఆదివారం సాయంత్రం సదాశివరావుగారు గుడ్డసంచీ పట్టుకుని వచ్చారు. సంచీలోంచి ఆయన 'పాతాళ పోలీస్' మొదటి సంచిక తీశారు. పెట్టె లేదు. ఉత్త పుస్తకం, పసుపు మూలలతో సహా. ఇంట్లో ఇనుప రంపంతో కూర్చుని అన్నీ కోసేశానని, మూలల్లో పేజీలు కాస్త చిరిగాయని, ఇప్పుడు హాయిగా ఉందని చెప్పారు. ఆయన ముఖంలో తప్పించుకున్నవాడి కళ ఉంది.

"నా వాటికి వచ్చిన మార్కులకి ఇంకా పోయేదేముందిరా" అని పుస్తకం మా ఆయన చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. పిల్లకి చదువు."

శేషగిరి పుస్తకం తిరిగి ఆయన ఒళ్ళో పెట్టి, ముందు వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, ఆరాయో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. తరవాత నేల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. టీవీ ముందు కూర్చున్న ప్రణతి తల తిప్పి, టీవీ కట్టేసి, వచ్చి ఆయన భుజం మీద గడ్డం ఆనించింది.

మొదలుపెట్టాడు. మొదటి పేజీలో మాటలు తడుముకున్నాడు. హెడ్ కానిస్టేబులు బదిలీ కాగితం అందుకుని, పాతాళానికి బస్సు ఎక్కడ దొరుకుతుందని వాకబు చేసే దగ్గరికి వచ్చేసరికి మనిషి కుదుటపడ్డాడు. సొరంగం దగ్గర దొంగల రాజు రానే వచ్చాడు. ఆ నవ్వు విని పై వాటాలో ఎవరో కిటికీ తీశారు. సదాశివరావుగారు మోకాలు కొట్టుకుని నవ్వారు. పిండి చేతులతో గుమ్మంలో నిలబడ్డ నేను కూడా పైకే నవ్వాను. నెలరోజులై ఆ గదిలో వినిపించని చప్పుడు అది.

కూలర్ గాలి సరాసరి వాళ్ళ మీదికే వస్తోంది. పేజీ లేస్తోంది. శేషగిరి అరచేత్తో అదిమి పట్టుకుని చదువుతున్నాడు. అట్ట మూల అప్పుడే మెత్తబడి పైకి తిరుగుతోంది. ఆయన కూలర్ వంక చూడలేదు. నా వంకా చూడలేదు. ఇది సాపు పుస్తకం కాదు, మార్కులు లేవు, దీనికి కొత్తగా వచ్చే నష్టం లేదు. సదాశివరావుగారికి పట్టింపు లేదు. ప్రణతికి చల్లగా ఉంది. ఆ గదిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, కూలర్ ఆపమని అనలేదు. అని ఉంటే ఎంత దెబ్బలాడేదాన్నో. ఈ ఎండాకాలం నాది, ఈ గాలి నాది, ఆపితే చూసుకోండి అని ఇల్లు ఎగరగొట్టేదాన్ని. మాటలన్నీ నోటిదాకా వచ్చి సిద్ధంగా ఉన్నాయి. అడిగేవాడు లేడు.

పేజీ ఇంకోసారి లేచింది. ఈసారి చిన్న అల కూడా కనిపించింది, కింది అంచున. అది నా కంటికి ఎందుకు కనిపించాలి? ఇంట్లో ఇంకెవరికీ కనిపించనిది నాకే ఎందుకు కనిపించాలి? ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద. పిండి చేతులు కొంగుకి తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్ళి, కూలర్ స్విచ్ కట్టేశాను.

గాలి ఆగింది. ఉక్క ఒక్కసారిగా మీద పడింది. శేషగిరి తలెత్తి నన్ను చూశాడు. నేను ప్రణతి పక్కన చతికిలబడి, చెమట తుడుచుకుంటూ, "చూస్తారేం, తరవాతేమైందో చదవండి" అన్నాను.